జడరొట్టె పుట్టుపూర్వోత్తరాలు

కామారెడ్డి నుండి నిజామాబాదు పోయే పెద్దబాట మీద సదాశివనగర్ తగులుతుంది. ఆ మండలంలోనే అడ్లూరు ఎల్లారెడ్డి వద్ద చక్కెర కర్మాగారం ఒకటి వెలసినది. జొన్నరొట్టె ఆ ప్రాంతంలో తరతరాల తిండి. అటువంటి ఊరిలో ఒక గృహిణి మైదాపిండిని ఈస్టుతో పొంగించి, పలుచగా ఒత్తి, దానిపై చాక్లెటు ముద్ద పూసి, చాప చుట్టినట్లు చుట్టి, ఆ చుట్టను నిలువునా చీల్చి, రెండు పాయలను జడవలె పేని, ఓవెనులో కాల్చి తీసినదనుకొందాము. ఆ రొట్టెముక్క ఎన్ని సముద్రాలు దాటి వచ్చినది? అందులో మన నేల వాటా ఎంత? చూడబోతే ఈ రెండవ ప్రశ్నకు సమాధానమే పెద్దది.

పాశ్చాత్యులు ఈ రొట్టెను బాబ్కా అంటారు. పోలండు, ఉక్రేను ప్రాంతాల భాషలలో ‘బాబా’ అంటే అవ్వ; ‘బాబ్కా’ అంటే చిన్నవ్వ అని ముద్దుమాట. అవ్వగారి కుచ్చుల పావడావలె మడతలున్న అచ్చులో కాల్చినందున ఆ పేరు వచ్చినదని కొందరు చెపుతారు. పోలండులో క్రైస్తవులు ఈస్టరు పండుగకు చేసుకొనే బాబ్కా అటువంటిదే. అది ఎత్తుగా గోపురంవలె నిలుస్తుంది. దానికి జడ లేదు. జడ అల్లినది ఆ దేశాలలోని యూదుల ఇళ్ళు. శుక్రవారం సాయంకాలం మొదలయ్యే తమ విశ్రాంతిదినానికి వారు ‘హల్లా’ అనే జడరొట్టెను సిద్ధం చేసుకొంటారు. పిండి కొంత మిగిలిపోతే ఇల్లాలు దానిని పారవేయదు గదా! ఏ పండ్లపాకమో, దాల్చినచెక్క పొడియో పూసి, చుట్టి, హల్లాతోబాటే పొయ్యిలో పెట్టేది. మిగిలిన పూరీపిండిలో ఇంత బెల్లం కలిపి పిల్లల చేతిలో పెట్టడం మనమెరిగినదే; ఇదీ అంతే.

ఆ బీద యిళ్ళలో చాక్లెటు ఎక్కడిది? పందొమ్మిదవ శతాబ్ది చివర, ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో లక్షలాది యూదులు అమెరికాకు వలసపోయినారు. అక్కడి వారి రొట్టెదుకాణాలలో, ఇరువదవ శతాబ్ది నడిమి కాలంలో, చాక్లెటు ఈ మడతలలోకి చేరినది. కనుక ప్రాచీనమైనదని పేరుపడిన ఈ చాక్లెటు జడరొట్టె, 1931లో పూర్తియైన మన నిజాంసాగరు ఆనకట్టకంటె వయసులో చిన్నదే.

ఇక మన సంగతికి వద్దాము. పిండిని పులియబెట్టి పొంగించడం తెలుగువారికి కొత్త విద్య కాదు. కోస్తా ఇళ్ళలో ఇడ్లీపిండి, తరవాణి. తెలంగాణలో పులిసిన జొన్న అంబలి. మిఠాయి దుకాణంలో జిలేబీపిండి – ఇవన్నీ ఆ విద్యలోనివే. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల ఈతచెట్ల కల్లులో నురుగు లేపే సూక్ష్మజీవులు రొట్టెను పొంగించే ఈస్టుజాతివే. గోవాలో పోర్చుగీసువారు 1510లో స్థిరపడిన తర్వాత, ఐరోపా ఈస్టు దొరకక, కల్లుతోనే రొట్టెలు పొంగించినారు. బ్రిటిషువారి కాలంలో దక్షిణదేశంలోని రొట్టెబట్టీలు కూడా ఆ మార్గమే పట్టినవి. మరి కల్లు కుండ పక్కనే ఉండగా మన పల్లెలలో పొంగిన రొట్టె ఎందుకు పుట్టలేదు?

కారణం ధాన్యంలో ఉన్నది. గోధుమపిండిని తడిపి పిసికితే అందులోని గ్లూటెన్ సాగే జిగురువలె వలపన్ని, ఈస్టు విడిచిన వాయువును పట్టి ఉంచుతుంది. జొన్నలో, వరిలో ఆ జిగురు లేదు. జొన్నపిండి ఎంత పులిసినా వాయువు తప్పించుకొనిపోతుంది. అందుకే జొన్నరొట్టెను వేడినీటితో కలిపి, చేత్తో తట్టి, అప్పటికప్పుడు పెనం మీద కాలుస్తారు. రెండవ కారణం కట్టెలు. రొట్టెబట్టీని ఒకసారి వేడిచేయడానికి ఒక ఇంటికి వారంరోజులు సరిపోయే వంటచెరకు కావలెను. ఒక్క కుటుంబం కోసం అంత మంట వేయడం దండుగ. అందుచేత బట్టీ ఎప్పుడూ బజారుదే. హైదరాబాదులో నాన్‌వాయిల బట్టీలలో నాను, షీర్‌మాల్ కాలేవి. ఇంటివారు కొనుక్కొని వచ్చేవారు.

తెల్లవారి రొట్టె మన మధ్యకు వచ్చినది సిపాయిలతో. 1798లో నిజాము ఆంగ్లేయులతో సైన్యసహకార ఒడంబడిక చేసుకొన్నాడు. ఆ పటాలాలు దిగిన చోటికి 1806లో సికిందర్‌జా పేర సికిందరాబాదు అని పేరు వచ్చినది. దండు ఉన్నచోట రొట్టెబట్టీ తప్పదు. జనం ఆ రొట్టెను డబల్‌రొట్టె అన్నారు. పిండి రెండింతలు పొంగుతుంది కనుక ఆ పేరని ఒక వాడుక. కాలక్రమాన హైదరాబాదు వంటగాళ్ళు దానిని నేతిలో వేయించి, పాలలో, చక్కెరపాకంలో నానబెట్టి ‘డబల్ కా మీఠా’గా మార్చి, పెళ్ళివిందుకు ఎక్కించినారు. పరదేశపు వస్తువును ఇంత చక్కగా సొంతం చేసుకొన్న ఉదాహరణ మన వంటలలో అరుదు.

కాని విందుకు ఎక్కిన ఆ రొట్టెకు చాలా ఇళ్ళలో వంటింటి గడప దాటే అర్హత లేకపోయినది. జ్వరం వచ్చినవారికి ఆసుపత్రి పథ్యంగా పాలూ రొట్టే ఇచ్చేవారు. అందుకే ‘రొట్టె తింటున్నాడు’ అంటే ఒంట్లో బాగులేదా అని అడగడం వాడుకైనది. మడి పాటించే కుటుంబాలలో అభ్యంతరాలు మరికొన్ని: అందులో కల్లు కలుస్తుందని, గుడ్డు పడుతుందని, కాళ్ళతో తొక్కి పిండి కలుపుతారని. అన్నిటికంటె పెద్దది, ఎవరు చేసినదో తెలియదనేది. ఇది మన ప్రాంతపు చాదస్తం మాత్రమే కాదు. 1898లో ఢిల్లీలో బిస్కెట్ల కర్మాగారం పెట్టినవారు దానికి ‘హిందూ బిస్కెట్ కంపెనీ’ అని పేరు పెట్టుకొనవలసి వచ్చినది. తమ సరుకును ఎవరి చేతులు తాకినవో చెప్పుకొని అమ్ముకొన్నారు. ఆక్షేపణ గోధుమపిండి మీద ఎన్నడూ లేదు, పిసికిన చేయి మీదనే ఉన్నది. ఈ మాట దాటవేసి రొట్టె చరిత్ర వ్రాస్తే అది సగం చరిత్ర. దేశవిభజన తర్వాత సింధునుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీ తెరచేనాటికి నగరంలో ఈ పట్టింపులు సడలుతూ వచ్చినవి. పల్లెలలో మరికొంతకాలం నిలిచినవి.

చక్కెర కథ మన ఇంటి కథ. మంజీరమీద 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా కట్టినది, ఆ నీటితో నిజామాబాదు మెట్టలను చెరకుతోటలుగా మార్చినది. ఆ చెరకు కోసమే 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించినారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకొన్న కర్మాగారమది. దానితో ఊళ్ళు పెరిగినవి, రైలుకు సరుకు దొరికినది, రైతు చేతిలో నగదు ఆడినది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. కార్మికుల జీతాలు ఆగినవి, చెరకు వేసిన రైతు దూరపు మిల్లులకు బండి తోలుకొనిపోవలసి వచ్చినది. కామారెడ్డి వైపు రైతుకు అడ్లూరు ఎల్లారెడ్డి మిల్లు ఉన్నందున కొంత ఆసరా. మనం కొట్టులో చక్కెర పొట్లం కొన్నప్పుడు దానిపై ఈ చరిత్ర ఏదీ వ్రాసి ఉండదు.

చాక్లెటు మాత్రం నిజంగా దూరపు చుట్టమే. కోకోచెట్టు మధ్య, దక్షిణ అమెరికాలది. 1828లో వాన్ హౌటెన్ అనే డచ్చివాడు గింజలనుండి వెన్నను పిండి పొడిని వేరుచేసే విధానానికి హక్కుపత్రం పొందినాడు. నేడు డబ్బాలలో వచ్చే కోకోపొడికి మూలమదే. నిజాము ఒడంబడిక జరిగిన 1798లోనే, కాకతాళీయంగా, తమిళదేశపు కుర్తాళంలో ఈస్టిండియా కంపెనీ కోకోమొక్కలు నాటించినది. ఆ ప్రయత్నం పెద్దగా సాగలేదు. 1965లో కేరళలోని వయనాడులో క్యాడ్‌బరీవారు మళ్ళీ మొదలుపెట్టిన తర్వాతనే కోకో మన దేశంలో వేరూనినది. తరువాత గోదావరి జిల్లాల రైతులు కొబ్బరితోటల నీడలో దానిని అంతరపంటగా వేసి, ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ను దేశంలో ముందుకు తెచ్చినారు. అక్కడి గింజలతోనే హైదరాబాదులో నేడు మేలైన చాక్లెటు తయారవుతున్నది.

మిగిలినవి ఈస్టు, ఓవెను. 1868లో అమెరికాలో ఫ్లైష్‌మన్ సోదరులు ముద్ద ఈస్టును కర్మాగారంలో తయారుచేసి అమ్మనారంభించినారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో సైన్యంకోసం ఎండు ఈస్టు వచ్చినది. ఆ గింజల పొట్లమే ఇప్పుడు మన బజారులో దొరుకుతున్నది. కల్లుకుండ అవసరం, దానితో మడివారి ఆక్షేపణ, రెండూ తీరిపోయినవి. ఓవెను లేని ఇళ్ళలో ప్రెషరు కుక్కరు అడుగున ఇసుక పోసి, రబ్బరు, బరువు తీసివేసి, నీరు లేకుండా కేకులు కాల్చిన గృహిణుల నేర్పు మెచ్చదగినది. 2020లో కరోనా నిర్బంధంలో బేకరీలు మూతపడగా ఎన్నో ఇళ్ళలో మొదటిసారి పిండి పొంగినది. బట్టీ బజారు విడిచి ఇల్లు చేరినదన్నమాట. చేసిన చేయి ఇంటిదే అయినప్పుడు పాత ప్రశ్నకు చోటే లేదు.

ఇక చేయు విధానం. అరకిలో మైదా, నూరు గ్రాముల చక్కెర, ఏడు గ్రాముల ఎండు ఈస్టు, చిటికెడు ఉప్పు, రెండు గుడ్లు, పావులీటరుకు కొంచెం తక్కువ గోరువెచ్చని పాలు కలిపి, నూట ఇరవై గ్రాముల మెత్తని వెన్నను కొద్దికొద్దిగా చేర్చుతూ పదిహేను నిమిషాలు పిసకవలెను. గుడ్డు వాడనివారు పాలు మరికొంచెం పోసుకొనవచ్చును. వేలు ఓర్వలేనంత వేడిపాలు ఈస్టును చంపివేస్తవి. చక్కెర ఎక్కువైన పిండిలో ఈస్టుకు నీరందక పొంగు మెల్లగా వస్తుంది, తొందర పనికిరాదు. మన వైపు వైశాఖమాసపు ఎండలలో మాత్రం చిక్కు వేరు: పిండి ఇట్టే పొంగుతుంది, వెన్న కరిగి చేతికి అంటుకొంటుంది. ఆ రోజులలో రాత్రి పిసికి, ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లవారుజామున జడ అల్లుకొనడం మేలు.

పొంగిన పిండిని రెండు భాగాలు చేసి, ఒక్కొక్కదానిని జానెడు వెడల్పు, మూరెడు పొడవున ఒత్తి, కరిగించిన చాక్లెటు, వెన్న, కోకోపొడి, చక్కెర కలిపిన ముద్దను పూసి, చుట్టి, నిలువునా కోయవలెను. కోసిన ముఖం పైకి ఉండేటట్లు రెండు పాయలను తాడు పేనినట్లు పేని అచ్చులో పెట్టి, గంటసేపు మళ్ళీ పొంగనివ్వవలెను. కుక్కరులో చేసేవారు జడను గుండ్రంగా చుట్టుకొనవలెను. ఓవెనులో 180 డిగ్రీల వేడిలో ముప్పైఐదు, నలభై నిమిషాలు పడుతుంది. బయటికి తీసిన వెంటనే పలుచని చక్కెరపాకం పూస్తే పైపొర మెరుస్తుంది, రెండు మూడు రోజులు మెత్తగా ఉంటుంది. చల్లారకముందే కోస్తే చాక్లెటు కత్తికంటి పొరలు చెదురుతవి. ఒక గంట ఆగవలెను. తరువాత ముక్కలు గట్టిపడితే నేతిలో వేయించి పాలలో నానబెట్టి డబల్ కా మీఠా చేసుకొనవచ్చును. పాకం మాత్రం సగమే పోయవలెను. ఆ రొట్టె అంతకుముందే కొంత తాగి ఉన్నది.