పశ్చిమ కనుమల నివేదికలు: శాస్త్రవేత్తల మాటపై ప్రజలకు నమ్మకం ఎందుకు సడలింది?

గుజరాత్ నుంచి తమిళనాడు, కేరళ వరకు ఆరు రాష్ట్రాల్లో సుమారు 1,600 కిలోమీటర్ల పొడవున పశ్చిమ కనుమలు విస్తరించి ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల భూభాగం వీటిలో లేకపోయినా, ఇక్కడి ఆయకట్టుకు ఆధారమైన గోదావరి, కృష్ణా నదులు ఈ కొండల్లోనే పుడుతున్నాయి. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ కనుమల పరిరక్షణ ప్రయత్నం ఏళ్ల తరబడి వివాదంలో నలుగుతోంది. శాస్త్రీయ సమాచారం లేకపోవడం ఇందుకు కారణం కాదు. ఆ సమాచారం ప్రజల ముందుకు వచ్చిన తీరే అపనమ్మకానికి బీజం వేసింది.

తొలి నివేదిక

కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 2010 మార్చిలో జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన నిపుణుల కమిటీని నియమించింది. 2011 ఆగస్టులో నివేదిక అందించిన ఈ కమిటీ, కనుమలన్నింటినీ పర్యావరణ సున్నిత ప్రాంతంగా పరిగణించి, సున్నితత్వాన్ని బట్టి మూడు మండలాలుగా విభజించాలని సూచించింది. మొదటి రెండు మండలాల్లో కొత్తగా గనులకు అనుమతి ఇవ్వరాదని పేర్కొంది. అయితే ఇవి తుది హద్దులు కావని, గ్రామసభల్లో చర్చించిన తర్వాతే ఖరారు చేయాలని స్పష్టం చేసింది.

కానీ ప్రభుత్వం నివేదికను వెంటనే బయటపెట్టలేదు. సమాచార హక్కు చట్టం కింద దాఖలైన దరఖాస్తుపై కేంద్ర సమాచార కమిషన్ 2012 ఏప్రిల్‌లో వెల్లడికి ఆదేశించగా, మంత్రిత్వ శాఖ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. అక్కడ చుక్కెదురు కావడంతో మే నెలలో నివేదిక బహిర్గతమైంది. గ్రామసభల్లో చర్చకు ఉద్దేశించిన పత్రం దాదాపు తొమ్మిది నెలలు మంత్రిత్వ శాఖలోనే ఉండిపోయింది.

రైతుల భయం

2012 ఆగస్టులో అంతరిక్ష శాస్త్రవేత్త కె. కస్తూరిరంగన్ నాయకత్వంలో మరో కార్యబృందం ఏర్పాటైంది. ఈ బృందం 2013 ఏప్రిల్‌లో కనుమల్లో సుమారు 37 శాతాన్ని, అంటే దాదాపు 60,000 చదరపు కిలోమీటర్లను సున్నిత ప్రాంతంగా గుర్తించాలని సిఫారసు చేసింది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని రూపొందించిన ఈ జాబితాలో కేరళకు చెందిన 123 గ్రామాలు ఉన్నాయి.

2013 నవంబరులో ఆంక్షల ఉత్తర్వులు వెలువడగానే ఇడుక్కి, వయనాడ్ జిల్లాలు భగ్గుమన్నాయి. ఉత్తర్వులు నిషేధించినది గనులు, క్వారీలు, థర్మల్ కేంద్రాలు, భారీ నిర్మాణాలు, అధిక కాలుష్య పరిశ్రమలను. సేద్యంపై నిషేధం లేదు. అయినా రైతులను ఖాళీ చేయిస్తారన్న ప్రచారం ఊరూరా పాకింది. క్వారీ యజమానుల ప్రయోజనాలు, రాజకీయ పక్షాల లెక్కలు దానికి తోడయ్యాయి.

ఆ భయాన్ని కేవలం వదంతిగా కొట్టిపారేయలేం. 1940, 50 దశకాల్లో ఆహార కొరతను అధిగమించేందుకు నాటి ప్రభుత్వాలే ఇడుక్కి కొండల్లో సాగును ప్రోత్సహించాయి. అలా స్థిరపడిన కుటుంబాల్లో అనేకం పట్టాల కోసం దశాబ్దాలు నిరీక్షించాయి. సాగు చేయమన్న ప్రభుత్వమే తమ ఊరిని సున్నిత ప్రాంతమని ప్రకటిస్తే, భూమి చేజారుతుందని వారు అనుమానించడం సహజమే. ఆ అనుమానాన్ని నివృత్తి చేయగలిగిన గ్రామసభ చర్చ మాత్రం ముందుగా జరగలేదు.

భాష కూడా అడ్డుగోడే

ప్రాజెక్టుల ప్రభావ మదింపుపై 2006 నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉండాలి. కానీ వందల పేజీల అసలు నివేదిక సాధారణంగా ఆంగ్లంలోనే ఉంటుంది. 2020లో ఆ నోటిఫికేషన్ స్థానంలో తేదలచిన ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. అభ్యంతరాల గడువును కూడా ఆగస్టు 11 వరకు పొడిగించింది.

వయనాడ్ తర్వాత

2024 జూలై 30 తెల్లవారుజామున వయనాడ్ జిల్లా ముండక్కై, చూరల్‌మల ప్రాంతాలపై కొండచరియలు విరిగిపడి రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ గ్రామాలున్న వైత్తిరి తాలూకాను గాడ్గిల్ కమిటీ అత్యంత సున్నితమైన మొదటి మండలంలో చేర్చింది. నివేదిక అమలై ఉంటే విపత్తు తప్పేదని కచ్చితంగా చెప్పలేం. కుంభవృష్టి, వాలు, నేల స్వభావం, భూ వినియోగం అన్నీ కలిస్తేనే చరియలు కూలుతాయి. కానీ ముప్పు ఉన్న వాలు ఏది, ఇళ్లు ఎక్కడ కట్టకూడదు అన్న చర్చ ఆ ఊళ్లలో పదమూడేళ్ల ముందే మొదలై ఉండవలసింది.

ఆ మరుసటి రోజే కేంద్రం 56,800 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంపై ముసాయిదా నోటిఫికేషన్‌ను మళ్లీ జారీ చేసి, అభ్యంతరాలకు 60 రోజుల గడువిచ్చింది. 2014 నుంచి ఇది ఆరో ముసాయిదా. విస్తీర్ణాన్ని తగ్గించాలన్న రాష్ట్రాల కోరిక, నిపుణుల హెచ్చరికల నడుమ అప్పటిదాకా ఏ ముసాయిదా కూడా తుదిరూపం దాల్చలేదు. హద్దులు ఎక్కడ గీయాలన్నది శాస్త్రవేత్తలు చెప్పగలరు. ఆ గీత లోపల పట్టా చెల్లుతుందా, ఇల్లు కట్టుకోవచ్చా, పంటకు రుణం దొరుకుతుందా అన్న రైతు ప్రశ్నలకు మాత్రం ప్రభుత్వాలే గ్రామసభలో, అక్కడి భాషలో, రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి.