కొండూరు గ్రామము, ఒక డాక్టరేటు: పాల్ హీబర్ట్ పరిశోధన

సంఘ కాపరికి మానవశాస్త్రంలో డాక్టరేటు ఎందుకు? మేము బి.డి. చదివే రోజుల్లో సహవిద్యార్థి ఒకరు ఈ కోరిక వెలిబుచ్చగా, పెద్దలు అది లోకజ్ఞానమని త్రోసిపుచ్చారు. మేమూ తల ఊపాము. ఆ తీర్పు తొందరపాటని పాల్ జి. హీబర్ట్ చరిత్ర చదివిన తరువాతనే గ్రహించాము.

1932లో మెన్నోనైట్ బ్రదరెన్ మిషనెరీ దంపతులకు మన దేశంలోనే జన్మించిన హీబర్ట్, అమెరికాలో సెమినరీ విద్య ముగించి, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివారు. 1960లో మిషనెరీగా తిరిగి వచ్చి, శంషాబాదులోని బెతనీ బైబిలు పాఠశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. (నేడు శంషాబాదు అంటే విమానాశ్రయమే గుర్తుకు వస్తుంది!) నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొండూరు గ్రామాన్ని పరిశోధనకు తీసుకున్నారు. కులాలు వేరువేరుగా ఉంటూనే ఊరు ఒక్కటిగా ఎలా నిలుస్తున్నది అన్నదే ఆయన ప్రశ్న. 1967లో డాక్టరేటు లభించింది. 1971లో ఆ పరిశోధన ‘కొండూరు’ పేరుతో గ్రంథంగా వెలువడింది.

అయితే ఆయనను కలవరపెట్టిన పాఠం విశ్వవిద్యాలయంలో దొరికినది కాదు. ఒక గ్రామంలో మశూచి వ్యాపించింది. మైసమ్మ ఆగ్రహించిందని సోదె చెప్పగా, దున్నపోతు బలికి ఊరంతా చందా వేసుకున్నారు. క్రైస్తవులు ఇవ్వలేదు. అంతలో విశ్వాసుల బిడ్డకే జబ్బు చేసింది. సంఘ పెద్ద వచ్చి ప్రార్థించమని కోరాడు. హీబర్ట్ మోకరించారు గాని మనస్సు నిలువలేదు: వ్యాధికి వైద్యమున్నది, ఆత్మకు పరలోకమున్నది, మరి మైసమ్మ భయానికి తన చదువులో జవాబేది? తరువాత ఆ పెద్ద మరల వచ్చి, బిడ్డ చనిపోయిందని, అయినా సంఘం స్థిరంగా ఉన్నదని చెప్పాడు. సమాధి కార్యక్రమంలో వారి పునరుత్థాన నిరీక్షణను ఊరివారు చూశారట.

1982లో హీబర్ట్ ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసానికి మూలం ఇటువంటి అనుభవమే. పాశ్చాత్య మిషనెరీలు పైన దేవుని, క్రింద ప్రకృతిని బోధించి, నడుమనున్న గ్రామదేవతలు, దిష్టి, చేతబడి, పితరుల ఆత్మలు అనే అంతస్తును వదిలివేశారని ఆయన వాదన. వదిలివేసినది పోదు, విశ్వాసి దానికోసం రహస్యంగా మంత్రగాని యొద్దకు వెళతాడు. ఆచారాన్ని గుడ్డిగా అంగీకరించక, గుడ్డిగా నిషేధించక, ముందు దాని అర్థమేమో విని, తరువాత సంఘమంతా కలిసి వాక్యపు వెలుగులో తీర్మానించుకోవాలని ఆయన తరువాతి రచనలలో సూచించారు. ఫుల్లర్‌లోను, ట్రినిటీలోను బోధించి 2007లో ప్రభువునందు నిద్రించారు.

మా తొలి సంఘంలో ఒక తల్లి చంటిబిడ్డకు తాయెత్తు కట్టింది. ఆరాధన ముగియగానే అందరి యెదుట దానిని తెంపించాము. ఆమె దేనికి భయపడుతున్నదో అడుగలేదు. మరుసటి ఆదివారం ఆమె రాలేదు.