పాట వినే గది

సూరత్‌లోని గోడాదరాలో మరమగ్గాల పనికి వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలున్నాయి. ఊరికి దూరమైనవారికి పాటలోని తెలుగు మాటే ముఖ్యం. కాని ఖాళీ సిమెంటు గదిలో మాటలు ఒకదానిపై ఒకటి పడి కలగాపులగమవుతాయి. ఎందుకో ఆలోచించారా? లోపం చాలాసార్లు స్పీకరుది కాదు, గదిది.

దీనిని లెక్కగట్టి చూపినవాడు వాలెస్ సబీన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు కొత్త ఉపన్యాసశాలలో పలికిన మాట దాదాపు 5.5 సెకన్లు మోగుతూనే ఉండేది. పాఠం అర్థమయ్యేది కాదు. ఆయన రాత్రివేళల్లో దగ్గరి నాటకశాల నుంచి కుర్చీ మెత్తలు తెప్పించి పరిచాడు. మెత్తలు పెరిగినకొద్దీ మోత తగ్గింది. పోగుల సందుల్లో కదిలే గాలి రాపిడికి లోనై, ధ్వనిశక్తి వేడిగా మారుతుంది.

కాబట్టి స్పీకరు మార్చే ముందు, గోడకు జానెడు ఎడంగా దళసరి బట్టను కుచ్చులుగా వేలాడదీయండి. పల్చని చీర ఒక్క పొర చాలదు. బట్ట నేసేవారి ఇంట బట్టకు కొదవా?