పూర్వుల బట్టి – బిడ్డల బట్ట

విశాఖపట్టణపు సముద్రతీర వీథిలో విహరించు యువకుల చొక్కాలపై విస్కీ పీపాలును, రాగి బట్టీలును, నూఱేండ్ల క్రిందటి సీసాచీటీలను బోలిన చిత్రములును నేడు కానవచ్చుచున్నవి. ఆ యువకులలో మన బిడ్డలును గలరు. పరదేశపు బట్టిని ఱొమ్మున ధరించు నీ బిడ్డలే తాతముత్తాతల వృత్తి యేమని యడిగినచో మాట మార్చుచున్నారు. ఈ వింతనుగూర్చి మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

స్కాట్లండువారు తమ వృత్తిచరిత్రను మఱుగుపఱుపలేదు. 1494 నాటి వారి రాజకోశపు లెక్కలలో జాన్ కోర్ అను సన్న్యాసికి మద్యము చేయుటకై మొలకెత్తించిన యవలు ఇచ్చినట్లు కలదు. పిమ్మట సుంకముల బాధచే కొండలోయలలో దొంగబట్టీలు వెలసెను. 1823 నాటి చట్టమువలన నది సులభము కాగా, మఱుసటి యేడు గ్లెన్‌లివెట్ లోయలో జార్జి స్మిత్తు అనుమతిపత్రము పొందెను. 1908లో టామ్ బ్రౌన్ అను చిత్రకారుడు జానీవాకర్ విస్కీకై వడిగా నడచు పురుషుని బొమ్మ వ్రాసెను. ఇట్లు వృత్తి చిత్రమయ్యెను. చిత్రము వస్త్రమున కెక్కెను.

మన దేశమున మద్యశిల్పము మిగుల ప్రాచీనము. కౌటిల్యుని యర్థశాస్త్రమున సురాధ్యక్షుడను నధికారి కలడు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను పానీయభేదములు కలవు. అమరసింహుడు కుమ్మరి మొదలగు శిల్పులతోబాటు శౌండికుని పేర్కొనెను. శుండ యనగా నేనుగు తొండము. బట్టికుండనుండి వంగి దిగు గొట్టము తొండమును బోలుటచే నీ పేరు వచ్చెనని కొందఱు పండితుల యభిప్రాయము. ఓఢ్రదేశపు సొండివారి కులనామము శౌండిక శబ్దభవమే.

శెగిడివారు గంజాము, విశాఖపట్టణ మండలములలో కల్లు విక్రయించుచు సారా కాచు తెలుగువారని 1909లో థర్‌స్టన్ దొర ప్రకటించెను. ప్రభుత్వపు జాబితాలో శ్రీశయన యను పేరి ప్రక్కనే శెగిడి యను పేరును గలదు. పేరు మాఱినను విద్య మాసిపోరాదు. ఎండిన ఇప్పపువ్వును నీట నానబెట్టి, పులిసిన పిదప కుండ కెత్తి, పొయ్యిపై నుంచి, సందులకు మట్టి మెత్తి, గొట్టముగుండ ఆవిరిని దింపి, చల్లార్చి పట్టుట యీ విద్య. మంట హెచ్చిన అడుగు మాడును. తగ్గిన ఆవిరి లేవదు. దీనికి చేతి యనుభవమే కొలత.

1886 నాటి మదరాసు అబ్కారీ చట్టముతో బట్టి సర్కారు అనుమతికి లోనయ్యెను. 1937లో మద్యనిషేధ చట్టము పుట్టి, 1948 నాటికి రాజధాని యంతట అమలయ్యెను. కులవృత్తి విడిచినవారి సంతతివారు రేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేసిరి. పొట్టకు దారి దొరకెను గాని, ముత్తాత పనిముట్ల పేర్లు ఇంట వినబడుట మానెను.

మేము సారాను పొగడుటలేదు. 1992లో నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరున రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. ఆ తల్లుల కన్నీటిని మఱచి గీసిన బొమ్మ అసత్యము. కావున చిత్రకారుడు సీసాను విడిచి పనిముట్టును గ్రహింపవలెను: కుండ, గొట్టము, కల్లుముంత, తాటికమ్మ, ఇప్పపువ్వు. ఏటికొప్పాకవారు అంకుడుకఱ్ఱపై లక్కరంగులు తీర్చి లోకఖ్యాతి గాంచిరి. పొందూరువారు వాలుగచేప దవడతో దూది నేకి సన్నని ఖద్దరు నేయుచున్నారు. అట్టి ఖద్దరుపై మన గుఱుతు లద్దించినచో నెంత యొప్పుగానుండును!

దీనికి ముందుగా చేయవలసిన పని యొకటి కలదు. ప్రతి గ్రామశాఖయు మిగిలియున్న కుండలకు ఛాయాపటములు తీయింపవలెను. వృద్ధుల నోట పనిముట్ల పేర్లు వ్రాయింపవలెను. అపుడు మన బిడ్డ తన చొక్కాపైని బొమ్మను జూపి, ఇది మా ముత్తాత బట్టియని చెప్పగలడు; దానివలని మేలును, కీడును గూడ చెప్పగలడు.