తవుడు బిస్కెట్లు

ఫిలిప్పీన్స్ వారి ఇళ్ళలో మెరియెండా అని ఒక పూట ఉన్నది. మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ నడుమ ఇంటిల్లిపాదీ కూర్చుని ఏదో ఒకటి తినే వేళ. పేరు స్పానిషు దొరలది. పళ్ళెంలో ఉండేవి మాత్రం చాలావరకు బియ్యం, కొబ్బరి, బెల్లం. జిగురు బియ్యాన్ని కొబ్బరిపాలతో కలిపి ఆకులో చుట్టి ఉడికిస్తే సుమాన్. మట్టిపాత్రలో అరటాకు పరచి, బియ్యపు పిండి పోసి, కింద నిప్పులు, మూతమీద నిప్పులు పెట్టి కాల్చితే బిబింకా. పనస ఆకుల్లో పొట్టిక్కలు వండిన చేతులకూ, పైన నిప్పులు పోసి దిబ్బరొట్టె కాల్చిన చేతులకూ ఇందులో కొత్తగా నేర్పవలసింది అంతగా ఉండదు. బంధుత్వం ఉన్నదని అనడం లేదు. వరి పండే చోట బుద్ధులు ఒకే దారిన పోతాయి కాబోలు. డిసెంబరు 16 నుండి 24 వరకు తెల్లవారుజామున జరిగే తొమ్మిది ప్రార్థనలకు వెళ్ళినవారు చర్చి వాకిట్లోనే వేడివేడి బిబింకా తిని ఇంటికి మరలుతారు.

ఈ తిండి చరిత్రను సాధారణంగా ఓడల కథగా చెబుతారు. 1565 నుండి 1815 వరకు మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య నడిచిన స్పానిషు ఓడలు మొక్కజొన్న, కోకో, టమాటా వంటివి తెచ్చాయి. చైనా వర్తకులు పాన్సిత్ సేమ్యాను, లుంపియా చుట్టలను ఇచ్చారు. స్థానికులు వినెగర్‌లో మాంసం వండే తీరుకు స్పానియార్డులు తమ మాట తగిలించి అడోబో అన్నారు. 1613 నాటి తగలోగ్ నిఘంటువులోనే ఆ మాట కనబడుతుంది. ఇదంతా నిజమే. కానీ ఓడ దిగిన దినుసుల జాబితాలో పొయ్యి ముందు నిలబడిన మనిషి ఎక్కడా కనబడదు. అందుకని ఒక మనిషి కథ చెబుతాను.

ఆమె పేరు మరియా ఒరోసా. 1893లో బతంగాస్ ప్రాంతంలోని తాల్‌లో పుట్టింది. 1916లో అమెరికా వెళ్ళి సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఔషధ రసాయన శాస్త్రం, ఆహార రసాయన శాస్త్రం చదివింది. వేసవి సెలవులలో అలాస్కా చేపల డబ్బాల కర్మాగారాలలో పనిచేసి చదువు ఖర్చు రాబట్టుకున్నది. 1922లో స్వదేశం చేరింది. అప్పటికి ఆ దేశం అమెరికా పాలనలో ఉన్నది, డబ్బాల్లో వచ్చే అమెరికా ఆహారమే గొప్ప అన్న భావన ఇళ్ళలోకి చొరబడుతున్నది. ప్రభుత్వ శాస్త్ర సంస్థలో చేరిన ఒరోసా దానికి ఎదురుగా నడిచింది. పెరటిలో కాసేదానినే ఎలా నిలవచేయాలో, ఎలా వండాలో పల్లెలలోని ఆడవారికి నేర్పే పనికి పూనుకున్నది.

ఆమె చేసినవాటిలో నన్ను అన్నింటికన్నా కదిలించినది తవుడు బిస్కెట్లు. తగలోగ్‌లో తవుడును దరక్ అంటారు. మరపట్టిన తెల్లబియ్యం మాత్రమే తినేవారిని బెరిబెరి పట్టుకునేది. కాళ్ళు చచ్చుబడేవి, గుండె వాచేది, తల్లిపాలు తాగే పసివారు హఠాత్తుగా పోయేవారు. 1910ల నాటికే మనీలాలో వెడ్డర్ తదితరులు తవుడు కషాయంతో అటువంటి పసివారిని బ్రతికించారు. అక్కడ ఆ పనిలో పాల్గొన్న రాబర్ట్ విలియమ్స్ 1936లో థయమిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, కృత్రిమంగా తయారుచేశాడు. మందు ఉన్నది, సరే. మందులా కాక తినుబండారంలా, పిల్లలు అడిగి తినేలా చేసింది మాత్రం ఒరోసా.

ఇది మనకు పరాయి కథ కాదు. మద్రాసు రాజధానిలో బెరిబెరి ముఖ్యంగా కనబడినది మన ఉత్తర సర్కారు జిల్లాలలోనే. కూనూరు ప్రయోగశాల శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించారు. తమిళ జిల్లాలవారు తినే ఉప్పుడు బియ్యంలో విటమిన్ కొంత నిలిచేది. మనవారు పచ్చి బియ్యాన్ని మరలో తెల్లగా పట్టించుకుని తినేవారు. దంపుడు బియ్యం పేదరికానికి గుర్తు, మల్లెపూవులాంటి అన్నం పరువుకు గుర్తు. మా నాయనమ్మ తవుడును గేదె కుడితిలో కలిపేది. ఆ గేదె ఆరోగ్యంగానే ఉండేది!

ఒరోసా అక్కడితో ఆగలేదు. విద్యుత్తు లేని ఇళ్ళ కోసం మట్టికుండతో పొయ్యి రూపొందించింది. పాలయోక్ అంటే కుండ. టమాటా కెచప్‌కు బదులు అరటిపండ్లతో కెచప్ చేసింది. నేటికీ ఫిలిప్పీన్స్ పిల్లల పుట్టినరోజున వడ్డించే తియ్యని స్పఘెట్టీకి ఆ రుచి దానివల్లనే.

తరువాత యుద్ధం వచ్చింది. జపానువారు మనీలాను ఆక్రమించి, విదేశీ పౌరులను సాంతో తోమాస్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో బంధించారు. ఒరోసా గెరిల్లా దళంలో కెప్టెన్ అయింది. సోయాపిండితో తాను తయారుచేసిన సోయాలాక్‌ను, తవుడు బిస్కెట్లను ఆ ఆకలి శిబిరానికి రహస్యంగా చేరవేయించింది. పొడిని బోలు వెదురు బొంగులలో దాచి లోపలికి పంపేవారు. మనీలా విడిచి సొంత ఊరికి రమ్మని బంధువులు బ్రతిమాలారు. వెళ్ళలేదు. 1945 ఫిబ్రవరి 13న నగరం కోసం జరిగిన పోరులో గాయపడి ఆసుపత్రి చేరింది. ఆ ఆసుపత్రి మీదనే ఫిరంగిగుండ్లు పడ్డాయి. ఆమె అక్కడే మరణించింది.

1970లో ఆమె మేనకోడలు ఆమె జీవితాన్నీ, వందలాది వంటకాల తయారీ విధానాలనూ ఒక పుస్తకంగా ప్రచురించింది. సమాధి ఎక్కడున్నదో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2020లో మనీలాలోని మలాతే ప్రాంతంలో, ఒకప్పుడు ఆ ఆసుపత్రి ఉన్న చోట నడుస్తున్న పాఠశాల ఆవరణలో, ఆమె పేరు చెక్కిన రాయి బయటపడింది.