సాక్షులు మిగలని కథలు

ఎక్కడో దొరికిన టేపులే కథ చెబుతున్నట్టు తీసే భయానక చిత్రాల మీద నాకు మక్కువ ఎక్కువ. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఈ పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. 2012లో ‘వి/హెచ్/ఎస్’ అటువంటి టేపులు కొన్నింటిని ఒకే దండగా గుచ్చింది. తీసినవాడు పోతాడు, తీసిన బొమ్మ మిగులుతుంది. నడుమ ఖాళీలను మనమే పూరించుకోవాలి. భయమంతా ఆ ఖాళీల్లోనే ఉంది.

మా విశాఖకూ ఇటువంటి కథ ఒకటుంది. అది సముద్రం అడుగున ఉంది. 1944లో అమెరికాలో జలప్రవేశం చేసిన ‘డయాబ్లో’ అనే జలాంతర్గామి 1964లో పాకిస్తాన్ చేరి ‘ఘాజీ’ అయింది. స్పానిష్ భాషలో డయాబ్లో అంటే సైతాను! 1971 డిసెంబరు 3-4 తేదీల నడిరాత్రి వేళ అది మా రేవు ముంగిట మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీలే కారణమని మన నౌకాదళం అన్నది. లోపలి పేలుడో, అది తానే పరచిన మైనో కారణమని పాకిస్తాన్ వాదన. 2017లో సంకల్ప్ రెడ్డి ‘ఘాజీ’ చిత్రం మరో కథ అల్లింది. శకలం ఒకటే, కథలు ఇన్ని.

బేతాళుని ప్రశ్నకు విక్రమార్కుని దగ్గర జవాబుంది. ఇక్కడ జవాబు తెలిసినవారు పైకి రాలేదు. సినిమాలో ఆ ఖాళీ నన్ను భయపెడుతుంది. బీచిలో నిలబడి తలచుకుంటే మాత్రం, శత్రువులే అయినా, ఆ నావికుల మీద జాలి కలుగుతుంది.