ఉత్తరాల శీర్షిక నుండి కంప్యూటర్ తెర దాకా: అమెరికా సైన్స్ ఫిక్షన్‌లో అభిమాని అభిప్రాయం (1926–1962)

సాహిత్య చరిత్రలో విమర్శకుని తీర్పుకు స్థానం ఉంది. సామాన్య పాఠకుడు ఒక కార్డు మీద రాసి పంపిన మెప్పుకుగాని, విసుగుకుగాని అటువంటి స్థానం లేదు. ధారావాహిక పుస్తక రూపం పొందేటప్పుడు కథ మాత్రమే అందులోకి వస్తుంది. ఆ నెలల్లో దానిపై వచ్చిన ఉత్తరాలు పాత సంచికల్లోనే ఉండిపోతాయి. తెలుగు పత్రికల పాత సంపుటాలు తిరగవేసే పరిశోధకులకు ఇది పరిచితమైన విషయమే. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ పరిస్థితి ఇందుకు భిన్నం. ఆ ఉత్తరాలను పక్కనపెట్టి అక్కడి సైన్స్ ఫిక్షన్ చరిత్రను రాయడం సాధ్యం కాదు. అంతేకాక, కామిక్స్‌కూ వీడియో గేములకూ వెళ్లిన దారుల్లో ఒకటి ఆ ఉత్తరాల మధ్య నుండే సాగింది.

లక్సెంబర్గ్‌లో జన్మించి అమెరికాకు వలస వెళ్లిన హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1926 ఏప్రిల్‌లో ‘అమేజింగ్ స్టోరీస్’ ప్రారంభించాడు. తెలుగులో ‘భారతి’ మొదలై అప్పటికి రెండేళ్లు. కథ ద్వారా విజ్ఞానశాస్త్రం బోధించాలన్నది గెర్న్స్‌బ్యాక్ సంకల్పం. పాఠకులు ఆ సంకల్పాన్ని కొంతవరకే మన్నించారు. కథలోని శాస్త్ర విషయాల్లో దోషాలు పట్టడంతో పాటు ముఖచిత్రం రంగులనూ, కత్తిరించని కాగితపు అంచులనూ కూడా వారు వదలలేదు. కథను గురించి వాదించినంత పట్టుదలగా కాగితం అంచులను గురించీ వాదించిన పాఠకవర్గం మరొక ప్రక్రియకు ఉన్నదో లేదో!

ఈ శీర్షికలో సంపాదకుడు చేసిన ఒక చిన్న పని ఊహించని ఫలితాన్ని ఇచ్చింది. ఉత్తరాలు రాసినవారి పేర్లతో పాటు పూర్తి చిరునామాలు కూడా ముద్రించాడు. దూరప్రాంతాల పాఠకులు పత్రికతో పనిలేకుండా నేరుగా ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ పరిచయాల నుండే సైన్స్ కరెస్పాండెన్స్ క్లబ్ ఏర్పడింది. 1930 మేలో ఆ సంఘం ‘ది కామెట్’ అనే సైక్లోస్టైల్ పత్రికను వెలువరించింది. ఇటువంటి పత్రికలకు ‘ఫ్యాన్‌జీన్’ అన్న పేరు 1940లో గాని రాలేదు. ‘ది కామెట్’ సంపాదకుడు రేమండ్ పామర్ 1938లో ‘అమేజింగ్ స్టోరీస్’కే సంపాదకుడయ్యాడు. ఐజాక్ అసిమోవ్ అచ్చయిన తొలి కథ 1939 మార్చి సంచికలో వెలువడింది పామర్ సంపాదకత్వంలోనే. అసిమోవ్ కూడా అంతకుముందు పత్రికల ఉత్తరాల శీర్షికలకు రాస్తూ వచ్చిన పాఠకుడే.

ఈ శీర్షికలను కేవలం స్నేహవేదికలుగా చూడడం సరికాదు. ‘అస్టౌండింగ్’ సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ 1938 నుండి పాఠకుల ఉత్తరాల ఆధారంగా కథలకు వరుస స్థానాలు నిర్ణయించి ప్రకటించేవాడు. ఆ విధంగా పాఠకుని ఇష్టాయిష్టాలు సంపాదకుని చేతిలో ఒక కొలబద్దగా మారాయి. కనుక ఎవరి ఇష్టం లెక్కకు వచ్చిందన్న ప్రశ్న అనివార్యం. కథల్లో స్త్రీ పాత్రలూ ప్రేమ ఘట్టాలూ అనవసరమని పద్దెనిమిదేళ్ల అసిమోవ్ ఆ పత్రికకు ఉత్తరాలు రాశాడు. అదే శీర్షికలో స్త్రీ పాఠకులు అతనికి జవాబు చెప్పారు. ఆ వివాదాన్ని జస్టిన్ లార్బలెస్టియర్ 2002లో వెలువరించిన గ్రంథంలో వివరంగా పరిశీలించింది. కథలు మాత్రమే చదివినవారికి ఆ కాలపు సైన్స్ ఫిక్షన్‌ను పురుషులు మాత్రమే చదివారనిపిస్తుంది. ఉత్తరాలు చదివినవారికి అలా అనిపించదు.

కామిక్స్ సంగతి ఇప్పటికే విస్తృతంగా రాయబడింది. క్లీవ్‌లాండ్‌లో పాఠశాల విద్యార్థులైన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1932లో ‘సైన్స్ ఫిక్షన్’ అనే సైక్లోస్టైల్ పత్రిక మొదలుపెట్టారు. 1933 జనవరి సంచికలో సీగెల్ మారుపేరుతో రాసిన కథలో ‘సూపర్‌మ్యాన్’ దుష్టపాత్ర. ఆ పేరే నాయకుడిదై 1938 జూన్ తేదీతో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో కనిపించింది. హక్కులకు దక్కిన ప్రతిఫలం 130 డాలర్లు. 1932లోనే మరొక అభిమాన పత్రిక నడిపిన మార్ట్ వైసింగర్, జూలియస్ ష్వార్ట్జ్ తరువాత కామిక్స్ సంపాదకులయ్యారు. 1960ల ఆరంభంలో ష్వార్ట్జ్ తన కామిక్స్‌లోనూ పాఠకుల పూర్తి చిరునామాలు అచ్చువేశాడు. గెర్న్స్‌బ్యాక్ శీర్షిక ద్వారా ఎదిగిన తరం ఆ పద్ధతినే తరువాతి తరానికి అందించిందన్నమాట.

వీడియో గేము దగ్గర అభిప్రాయం స్వభావమే మారింది. 1961లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి పీడీపీ-1 కంప్యూటర్ వచ్చింది. స్టీవ్ రసెల్, మార్టిన్ గ్రేట్జ్, వేన్ విటానెన్ అప్పటికే ఇ.ఇ. స్మిత్ అంతరిక్ష నవలల అభిమానులు. ఇంత ఉత్కంఠ గల కథలను ఎవరూ సినిమాగా ఎందుకు తీయడం లేదని వారు చర్చించుకునేవారని గ్రేట్జ్ 1981 నాటి వ్యాసంలో పేర్కొన్నాడు. ఇరవై ఏళ్ల తరువాత రాసిన జ్ఞాపకం కనుక అందులోని హాస్యధోరణిని కొంత తగ్గించి చదవాలి. అయినా ప్రధానాంశాన్ని శంకించడానికి కారణం లేదు. 1962 ఆరంభానికి ‘స్పేస్‌వార్!’ తెర మీద రెండు నౌకల యుద్ధంగా రూపుదిద్దుకుంది.

ఆ తరువాతి మార్పులే సాహిత్య పరిశోధకునికి మరింత ఆసక్తికరం. నేపథ్యంలో నక్షత్రాలను ఇష్టమొచ్చినట్లు చల్లడం పీటర్ శాంసన్‌కు నచ్చలేదు. అతడు వాస్తవ ఆకాశపటాన్ని ప్రోగ్రాముగా రాశాడు. ఆటలో వ్యూహానికి చోటు చాలలేదనిపించి డాన్ ఎడ్వర్డ్స్ మధ్యలోని నక్షత్రానికి గురుత్వాకర్షణ కల్పించాడు. యంత్రం మీటలతో ఆడితే మోచేతులు నొప్పి పుడుతున్నాయని అలన్ కోటాక్, బాబ్ సాండర్స్ విడిగా చేతిపెట్టెలు తయారుచేశారు. ‘అస్టౌండింగ్’లో ఇవి మూడు ఫిర్యాదు ఉత్తరాలై ఉండేవి. ఇక్కడ ఫిర్యాదు చేసినవాడే సవరణకర్త. సంపాదకుని ఆమోదం కోసం నిరీక్షణ లేదు, వచ్చే నెల సంచిక కోసం ఎదురుచూపూ లేదు.

అయితే పత్రికకు అభిప్రాయం పంపడానికి ఒక తపాలా బిళ్ళ చాలేది. అసిమోవ్‌కు జవాబు చెప్పిన స్త్రీలు ఆ బిళ్ళతోనే చర్చలోకి ప్రవేశించారు. పీడీపీ-1 వెల సుమారు 1,20,000 డాలర్లు. అది ఉన్న గదిలోకి ప్రవేశం దొరికిన కొద్దిమంది అభిప్రాయాలే ‘స్పేస్‌వార్!’లో చోటు చేసుకున్నాయి.